లీగ్ పట్టిక వేసే ముందు మ్యాప్ చూడండి

సంపాదకులకు,

ఔత్సాహిక జట్టు ఏదైనా లీగ్ మధ్యలో తప్పుకుందంటే చాలు, ‘ఇప్పటి కుర్రాళ్లకు ఆట మీద మోజు తగ్గింది’ అనేస్తారు. జట్టు నడిపే పనుల్లో ఉన్నవాడిగా నాకు ఆ మాట మింగుడుపడదు. సాయంత్రం సాధనకు ఠంచనుగా వచ్చే కుర్రాళ్లే దూరపు మ్యాచ్ అనేసరికి ఫోన్ ఎత్తడం మానేస్తారు. తొంభై నిమిషాల ఆట కోసం రానూపోనూ పది గంటలు బస్సులో కూర్చోవాలంటే ఎవరికైనా విసుగే.

జీతం తీసుకుని ఆడేవాడికి ప్రయాణం కూడా ఉద్యోగంలో భాగమే. ఔత్సాహికుడికి అలా కాదు. శనివారం సెలవు పెట్టాలి, దినకూలీ అయితే ఆ రోజు కూలి వదులుకోవాలి. ఆదివారం అర్ధరాత్రి ఇల్లు చేరి సోమవారం పొద్దున్నే డ్యూటీకి పోవాలి. బస్సు అద్దెకు జట్టు నిధి చాలకపోతే తలా కొంత వేసుకోవాలి. అద్దె భరించలేని జట్లు సొంత కార్లలో బయల్దేరతాయి. అప్పుడు బండి నడిపేది సాయంత్రం దాకా మైదానంలో పరుగెత్తినవాడే! ఇంత ప్రమాదకరమైన విషయం క్రీడా సంఘాల సమావేశాల్లో చర్చకు రాగా నేను వినలేదు. ఇక బాలికల జట్ల సంగతి వేరే చెప్పాలా? ఇంట్లోవాళ్లు మొదట వద్దనేది దూరపు మ్యాచులనే.

ఆ తర్వాత జరిగేది తెలిసిన కథే. మూలనున్న జట్టు ఆటగాళ్లు పోగవక వాకోవర్ ఇస్తుంది, అంటే ఆడకుండానే గెలుపు ఎదుటివారికి వదిలేస్తుంది. ఇంకోసారి ఇస్తే జరిమానా. మరుసటి ఏడు పట్టికలో ఆ జట్టు పేరు ఉండదు. ఖాళీ నింపడానికి సంఘం ఇంకా దూరం నుంచి మరో జట్టును తెస్తుంది, మిగిలినవాళ్ల ప్రయాణం ఇంకాస్త పెరుగుతుంది.

దీనికి విరుగుడు ప్రాంతీయ లీగులే. పదహారు జట్ల లీగులో ప్రతి జట్టుతోనూ ఇంటా బయటా ఆడితే ఒక్కో జట్టుకు 15 ప్రయాణాలు. వాటినే ఎనిమిదేసి చొప్పున రెండు ప్రాంతాలుగా విడదీస్తే ఏడు. మ్యాచులు మరీ తగ్గిపోయాయి అంటారా, పక్క జట్లతో నాలుగేసి సార్లు ఆడించండి. మ్యాచులు 28 అవుతాయి, ప్రయాణాలు 14. లెక్కకు పాతదానితో దాదాపు సమానంగానే కనిపిస్తుంది గానీ, ఆ పద్నాలుగూ రాత్రి భోజనం వేళకు ఇంటికి చేరగలిగినవే. రెండు ప్రాంతాల్లోనూ ముందున్నవాళ్లకు చివర్లో ప్లేఆఫ్ (విజేతను తేల్చే మ్యాచులు) పెడితే సరిపోతుంది.

ఇదేమీ కొత్త ప్రయోగం కాదు. ఇంగ్లండ్ ఫుట్‌బాల్‌లో 1921 నుంచి 1958 దాకా మూడో డివిజన్ ఉత్తరం, దక్షిణం అని రెండుగా ఉండేది. జీతాలిచ్చే వృత్తి క్లబ్బులకు సైతం అప్పట్లో ఆ వెసులుబాటు ఉండేదన్నమాట. ఇవాళ కూడా అక్కడ ఆరో అంచె (పై నుంచి ఆరో స్థాయి లీగు) రెండు ముక్కలు, కిందికి దిగే కొద్దీ ఇంకా చిన్న ముక్కలు. స్పెయిన్ మరో అడుగు ముందుకేసింది. ఐదో అంచెలో 18 గ్రూపులు పెట్టి, దాదాపుగా స్వయంప్రతిపత్తి ప్రాంతానికి ఒకటి చొప్పున కేటాయించింది. కానరీ దీవులకు ఒక గ్రూపు, బలేరిక్ దీవులకు ఒక గ్రూపు. దీవుల్లోని చిన్న క్లబ్బు లీగ్ మ్యాచుల కోసం వారం విడిచి వారం ప్రధాన భూభాగానికి విమానం ఎక్కనక్కర్లేదు.

చిక్కులు లేవని అనను. పెద్ద చిక్కు పై అంచెకు ఎవరిని పంపాలన్నదే. జర్మనీలో 2012లో నాలుగో అంచెను ఐదు ప్రాంతాలు చేశారు. పైన మాత్రం మూడే చోట్లు. తమ ప్రాంతంలో విజేతగా నిలిచి కూడా ప్లేఆఫ్‌లో ఓడి అక్కడే మిగిలిపోయిన జట్ల ఆక్రోశం అంతా ఇంతా కాదు. తర్వాత చోట్లు నాలుగు చేసినా గొడవ చల్లారలేదు. కాబట్టి ఎన్ని ప్రాంతాలుంటే పైన అన్ని చోట్లు చూపాలి, లేదా ప్రాంతాల సంఖ్య తగ్గించుకోవాలి. ఈ లెక్క తేల్చకుండా లీగును విడదీస్తే ప్రయాణపు తిప్పలు పోయి పంచాయితీలు మిగులుతాయి.

రెండోది సరిహద్దు గీత. లండన్‌కు కాస్త ఉత్తరాన ఉండే బిషప్స్ స్టార్ట్‌ఫర్డ్ క్లబ్బు 2023లో ఆరో అంచెకు ఎదిగితే, దాన్ని ఉత్తర విభాగంలో వేశారు. పేరుకు ప్రాంతీయ లీగే, తిరగాల్సింది మాత్రం ఉత్తర కొస దాకా. రెండు వైపులా జట్ల సంఖ్య సమానంగా ఉండాలన్న పట్టుదల వల్ల వచ్చే తంటా ఇది. ఒకవైపు తొమ్మిది, మరోవైపు ఏడు ఉంటే ఏం మునిగిపోతుంది?

జట్లు నిజంగానే చెదురుమదురుగా ఉన్నచోట విభజన పనిచేయదు. అలాంటి చోట ఒకే ప్రయాణంలో రెండు మ్యాచులు ఆడించాలి. అమెరికాలో క్రీడా స్కాలర్‌షిప్‌లు ఇవ్వని ఐవీ లీగ్ విశ్వవిద్యాలయాలు బాస్కెట్‌బాల్‌కు ఈ దారే పట్టాయి. దగ్గర దగ్గరగా ఉన్న రెండేసి విద్యాలయాలను జంటగా చూసి, వచ్చిన జట్టు శుక్రవారం ఒకరితో, శనివారం మరొకరితో ఆడి వెళ్లేలా మ్యాచులు వేసేవి. వాలీబాల్, కబడ్డీ లాంటి ఆటల్లో అయితే నాలుగైదు జట్లను ఒకే మైదానానికి రప్పించి వారాంతంలో మ్యాచులన్నీ ముగించవచ్చు.

‘ఎప్పుడూ పక్క జట్లతోనే ఆడితే ఆట ఎదగదు’ అనేవాళ్లున్నారు. పై అంచె విషయంలో ఆ వాదన నిజమే, అక్కడ దూరాలు తప్పవు. కింది అంచెల్లో అసలు ఆడడానికి జట్టు మిగలాలి కదా! పైగా పొరుగు జట్టుతో మ్యాచ్‌కే జనం ఎక్కువ వస్తారు.

క్రీడా సంఘాలను ఒక్కటి కోరుతున్నాను. వచ్చే సీజన్ షెడ్యూల్ విడుదల చేసేటప్పుడు, ఒక్కో జట్టు మొత్తం ఎన్ని కిలోమీటర్లు తిరగాల్సి వస్తుందో పక్కన ఒక గడిలో వేయండి. అది లెక్కగట్టడం ఒక పూట పని. అందరికంటే ఎక్కువ తిరిగే జట్టుకూ, తక్కువ తిరిగే జట్టుకూ మధ్య తేడా రెట్టింపు దాటితే ఆ షెడ్యూల్‌ను వెనక్కి తీసుకుని మళ్లీ వేయాలని నిబంధన పెట్టండి.

భవదీయుడు,
ఒక ఔత్సాహిక జట్టు నిర్వాహకుడు