గోడ మీద మీటరు ఎప్పుడూ 38 చూపిస్తోంది

హాట్ యోగా కేంద్రం యాజమాన్యానికి,
విజయనగరం.

విషయం: వేడి గదిలో కళ్లు తిరిగి పడిపోవడం, రెండు నెలల ఫీజు వాపసు గురించి.

అయ్యా,

నేను గంటస్తంభం దగ్గర ఒక బట్టల షాపులో క్యాషియర్‌ని. మూడు నెలల ఫీజు తొమ్మిది వేలు ఒకేసారి కట్టి ఏప్రిల్ మొదట్లో మీ దగ్గర చేరాను. "డబ్బులిచ్చి ఉక్క కొనుక్కోడమేటే, మేడ మీదకెళ్తే ఊరికే వస్తాది కదా" అని మా అత్తగారు నవ్వారు. నడుం నొప్పి తగ్గుతుందన్న ఆశ నాది. నిజం చెప్పాలంటే మొదటి రెండు వారాలు కాస్త తగ్గింది కూడా.

మీ కరపత్రంలో 40 డిగ్రీల వేడి, 40 శాతం తేమ, 26 ఆసనాలు, 90 నిమిషాలు అని ఉంది. ఆసనాలకు వంక పెట్టను. గోడ మీద మీటరు మాత్రం తలుపులు బార్లా తీసి గది ఊడుస్తున్నప్పుడూ 38, చాపలు తడిసి కాళ్లు జారుతున్నప్పుడూ 38. అనుమానమొచ్చి మా మరిది కోళ్ల ఫారంలో మీటరు తెచ్చి చాప పక్కన పెట్టుకున్నాను. 44 డిగ్రీలు, తేమ 65. రోజుల పిల్లలకే 35 దాటితే మా మరిది బల్బులు ఆర్పేస్తాడు.

అంత తేమలో చెమట కారుతుందే గానీ ఆరదు. ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. ఆ రోజు ఉష్ట్రాసనంలో తల వెనక్కి వాల్చి లేచేసరికి కళ్లు చీకట్లు కమ్మాయి. తడుముకుంటూ తలుపు దాకా వెళ్తే మీ ట్రైనర్ గడియ మీద చెయ్యేసి, "తియ్యకండి మేడం, వేడి పోతాది. ఒంట్లో విషాలు పోతన్నాయి, ఓర్చుకోండి" అన్నాడు. అక్కడే పడిపోయాను.

చెమటలో పోయేది నీళ్లూ ఉప్పూనట. విషాల సంగతి కాలేయం, కిడ్నీలు చూసుకుంటాయని సెలైన్ ఎక్కిస్తూ డాక్టరు గారు చెప్పారు. పైగా నేను వేసుకునే బీపీ మాత్ర ఒంట్లో నీరు తీసే రకం. చేరిన రోజు మీ ఫారంలో ఇన్‌స్టాగ్రామ్ పేరు కూడా అడిగారు, బీపీ ఉందా అని ఎక్కడా లేదు.

మిగిలిన రెండు నెలలకు 6,000, ఆస్పత్రి బిల్లు 1,850 రూపాయలు 15 రోజుల్లో ఇప్పించండి. లేకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. 5 లక్షల లోపు ఫిర్యాదుకు అక్కడ ఫీజు కూడా లేదు. ఆ గోడ మీటరు మార్చండి, తలుపు దగ్గర ఎవరినీ ఆపొద్దని మీ ట్రైనర్‌కు చెప్పండి.

మా మరిది మీటరు మీ రిసెప్షన్‌లోనే ఉండిపోయింది. అది మాత్రం రేపే పంపించండి, ఫారంలో కొత్త పిల్లలు దిగుతున్నాయి.

ఇట్లు,
ఉదయం 6 గంటల బ్యాచ్ సభ్యురాలు