నూతి దగ్గర ముద్దమందారం

చి.ల.సౌ. బుజ్జికి,

అమ్మ ఆశీస్సులు. ఇక్కడ మేమిద్దరం కులాసా. నాన్నగారికి మోకాలి నొప్పి తగ్గింది, పొద్దున్నే గోదావరి గట్టు దాకా నడిచి వస్తున్నారు. మొన్న ఫోన్లో మందారం సంగతి మొదలుపెట్టావు గానీ పాప ఏడవడంతో మాట మధ్యలో ఆగిపోయింది. ఇది తీరిగ్గా చెప్పాల్సిన విషయం, అందుకే రాస్తున్నాను.

చెట్టు ముసలిదైపోయింది కదా, మొదలంటా తవ్వించి పంపితే పుణెలో కుండీలో పెట్టుకుంటానన్నావు. ఆ పని మాత్రం వద్దమ్మా. దాని వేళ్ళు ఎప్పుడో నూతి చప్టా కిందికి పాకిపోయాయి. నీళ్ళు తాగేవి చివర్లలో ఉండే సన్న వేళ్ళే. ఎంత జాగ్రత్తగా తవ్వినా ముందు తెగేవి అవే. లావు వేళ్ళ మొద్దు నీ దగ్గరికి వస్తుంది, చెట్టు రాదు. ఇక కడియంలో కొత్తది కొని పంపమన్నావు. కడియపులంక నర్సరీల్లో లేని రంగు లేదు, అరచెయ్యంత పువ్వులు పూసేవి కూడా దొరుకుతాయి. కానీ నీకు కావలసింది మన పువ్వు. మన పువ్వు కావాలంటే మన చెట్టు కొమ్మే కావాలి.

గింజతో కూడా అయ్యే పని కాదు. ముద్దమందారంలో కేసరాలు చాలావరకు రేకులుగా మారిపోతాయి, అందుకే కాయ కట్టడం అరుదు. ఒకవేళ కట్టినా ఆ గింజ మొక్క తల్లిలాగే పూస్తుందన్న నమ్మకం లేదు. కొమ్మ వేరు తొడిగితే మాత్రం వచ్చేది అచ్చంగా అదే చెట్టు. మీ నాయనమ్మ కూడా ఆలమూరులో వాళ్ళ అక్కగారి పెరట్లోంచి కొమ్మ విరిచి తెచ్చి ఇక్కడ గుచ్చారు. ఆలమూరులో ఆ చెట్టు ఇప్పుడు లేదు, ఇల్లే లేదు. అందుకే దీని మీద నాకింత పట్టుదల.

ముసలి చెట్టు కొమ్మ బతుకుతుందా అని అడిగావు. చెట్టు వయసు కన్నా కొమ్మ వయసు చూసుకోవాలి. మన చెట్టు కింద భాగమంతా బెరడు కట్టేసి, ఆకు లేకుండా బోసిగా ఉంది. పువ్వులన్నీ పైన కొసల్లోనే. అలాంటి ముదురు కొమ్మ గుచ్చితే చాలాసార్లు కుళ్ళిపోతుంది. కాబట్టి ముందు చెట్టు చేత కొత్త కొమ్మలు వేయించాలి. శివరాత్రి వెళ్ళాక ముదురు కొమ్మల్లో మూడో వంతు మాత్రం మోకాలి ఎత్తున కోయించాను. ఒకేసారి మొత్తం కొట్టేస్తే ముసలి చెట్టు తట్టుకోలేదు. చెట్టు మొదలు దగ్గర రెండు తట్టల పశువుల ఎరువు వేసి, ఎండాకాలమంతా నీళ్ళు తగ్గకుండా చూశాం. రోహిణి కార్తె నాటికి కోసిన చోట్లన్నీ చిగుళ్ళు గుత్తులుగా లేచాయి. చూస్తే నువ్వు సంతోషించేదానివి.

ఆ చిగుళ్ళు వానలు పడేసరికి సరైన ముదురుకి వచ్చాయి. సరైన ముదురు అంటే ఏమిటో చెబుతాను, ఎందుకంటే ఎప్పటికైనా ఇది నీ చేత్తో నువ్వు చేసుకోవాలి. కొమ్మను మెల్లగా వంచి చూడు. పచ్చికొసలా వేలాడిపోతే లేత, అసలు వంగకుండా పుటుక్కున విరిగితే ముదురు. కాస్త వంగి, చెయ్యి వదిలేస్తే మళ్ళీ నిలబడేదే మనకు కావాలి. పెన్సిలంత లావు, పైన గోధుమ రంగు తిరుగుతూ, గోటితో గీస్తే లోపల పచ్చగా ఉండాలి.

తెల్లారగట్ల కోయాలి, అప్పుడు కొమ్మ నిండా నీరుంటుంది. జానెడు కన్నా కొంచెం తక్కువ, మూడు నాలుగు కణుపులు ఉండేలా చూసుకో. అడుగు కోత కణుపుకి సరిగ్గా కింద, ఏటవాలుగా ఉండాలి. కొత్త బ్లేడు వాడు, కత్తెర అయితే కాడ నలుగుతుంది. కింద ఆకులు తీసేసి పైన రెండే ఉంచు, వాటిని కూడా అడ్డంగా సగానికి కత్తిరించు. వేళ్ళు లేని కొమ్మ నీళ్ళు తాగలేదు, ఆకులేమో నీటిని వదులుతూనే ఉంటాయి. మొగ్గ కనిపిస్తే ప్రాణం ఒప్పకపోయినా గిల్లెయ్.

చిగురులో తయారయ్యే ఆక్సిన్ అనే హార్మోను కాడలోంచి కిందికి దిగి, కోసిన చోట పోగవుతుంది. అక్కడి కణాలు విభజన చెందుతూ వేళ్ళుగా మారతాయి. కాలేజీలో ఈ పాఠం చెప్పిన ప్రతిసారీ పిల్లలకి ఒక మందార కొమ్మ తీసుకెళ్ళి చూపించేదాన్ని. తలకిందులుగా గుచ్చితే ఎందుకు బతకదో దీన్ని బట్టి నీకూ అర్థమవుతుంది. ఏది కిందో మర్చిపోకుండా కింద ఏటవాలు కోత, పైన తిన్నని కోత పెట్టడం నా అలవాటు. నర్సరీల్లో వేరు పట్టడానికి అమ్మే పొడి కూడా ఆ జాతిదే, ఇండోల్ బ్యుటిరిక్ ఆమ్లం, 1930ల నుంచి వాడుకలో ఉన్నదే. మందారానికి అది తప్పనిసరి కాదు, ఉంటే త్వరగా వేరు పడుతుంది. ముందు పుల్లతో గుంట చేసి అందులో కొమ్మ పెట్టు, లేకపోతే అంటించిన పొడి అంతా రాలిపోతుంది.

మట్టి వద్దు. ముతక ఇసుక సగం, కొబ్బరి పొట్టు సగం. ఎరువు చిటికెడు కూడా వెయ్యకూడదు, కొమ్మ అడుగు కుళ్ళుతుంది. పైన సగానికి కోసిన నీళ్ళ సీసా బోర్లించి, రోజూ కాసేపు మూత తీసి గాలి తగలనివ్వాలి. ఎండ నేరుగా పడకూడదు.

మన కొమ్మలు ఆషాఢం మొదట్లో పెట్టాను. ఇప్పుడు రెండింటికి చిన్న ఆకులు విచ్చాయి. అయినా వేరు పడిందని ఇంకా అనను. కాడలో దాచుకున్న బలంతో కూడా ఆకు వేస్తుంది, ఆ బలం అయిపోగానే వాడిపోతుంది. నెల దాటాక రెండు వేళ్ళతో మెల్లగా లాగితే రాకుండా పట్టి ఉండాలి, అదే గుర్తు. మీ నాన్నగారు రోజూ పీకి చూద్దామంటారు, నేను ఆ దరిదాపులకు కూడా రానివ్వడం లేదు.

ముసలి కొమ్మల మీద అక్కడక్కడ పిండినల్లి ఉంది. ఆ వైపు కొమ్మలు తీసుకోలేదు. నీటితో కడిగి వేపనూనె కొడుతున్నాం. తల్లి చెట్టు ఎక్కడికీ పోదు, వచ్చే ఏడు ఇంకో మూడో వంతు కోయిస్తాను.

వేరు పడ్డాక చిన్న కవర్లలోకి మార్చి, కొంచెం కొంచెంగా ఎండ అలవాటు చేసి, వినాయక చవితి తరవాత కోణార్క్ ఎక్స్‌ప్రెస్‌లో నాన్నగారితో పంపిస్తాను. మన రాజమండ్రిలో ఎక్కితే తిన్నగా పుణెలోనే దిగొచ్చు. రెండు మొక్కలు పంపుతాను, ఒకటి నీకు, ఒకటి మీ అత్తగారికి.

ఈలోగా మీ బాల్కనీలో ఎండ ఎన్ని గంటలు ఉంటుందో ఒక ఆదివారం చూసి చెప్పు. అయిదారు గంటలైనా లేకపోతే మొక్క బతుకుతుంది గానీ పూయదు. అలాగైతే మేడ మీద పెట్టుకోనిస్తారేమో అల్లుడుగారిని కనుక్కోమను. కుండీ అడుగున చిల్లులు ఉన్నదే కొను. నాన్నగారితో మందారాకు వేసి కాచిన కొబ్బరినూనె కూడా పంపుతున్నాను, పాప తలకి రాయి.

ఆశీస్సులతో,
అమ్మ