నోరు కట్టుకుంటే తగ్గేది కాదు

అయ్యా,

మా అమలాపురంలో ఏ పెళ్లి బంతిలో కూర్చున్నా ఊబకాయమున్న మా అక్క విస్తరి దగ్గరకు రాగానే పూతరేకులు వడ్డించే చెయ్యి ఆగుతుంది. ‘కాస్త నోరు కట్టుకోమ్మా’ అన్న సలహా మాత్రం ఆగదు. ఆమె రెండుసార్లు పన్నెండేసి కిలోలు తగ్గింది. రెండుసార్లూ ఆ బరువు తిరిగొచ్చింది. బరువు తగ్గగానే ఆకలిని అణచే లెప్టిన్ అనే హార్మోను పడిపోయి, ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోను పెరిగి ఆకలి రెచ్చిపోతుందని, ఒళ్లు ఖర్చుచేసే శక్తి కూడా తగ్గుతుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు. మాత్ర మానేశాక రక్తపోటు మళ్లీ పెరిగితే రోగిది తిండిపోతుతనం అనం కదా! ఊబకాయమూ అలాంటి దీర్ఘకాలిక జబ్బే. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో బీపీ, షుగరు చూసేటప్పుడే నడుముకు టేపు పెట్టండి. ఆడవారికి 80, మగవారికి 90 సెంటీమీటర్లు దాటితే చీవాట్లు కాకుండా వైద్యం మొదలుపెట్టండి.

– ఒక పాఠకురాలు, అమలాపురం