నేనూ నీళ్లు పోశాను రా!

టోక్యో,
ఆగస్టు 14, 2023

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం వచ్చి ఎన్నాళ్లయిందో, కోపం తెచ్చుకోకు. ఇక్కడంతా క్షేమం, పాపకి బడి సెలవులు, ఆఫీసు మామూలే. అవన్నీ తర్వాత. నిన్నటి సంగతి నీకు చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు.

నిన్న మా పేట గుడి ఉత్సవం. తొమియోకా హచిమాన్ అని షింటో గుడి (షింటో అంటే జపాన్ వాళ్ల పాత మతం), 1627 నాటిది. పెద్ద ఉత్సవం మూడేళ్లకోసారి. కరోనా వల్ల 2017 తర్వాత మళ్లీ ఇప్పుడే! శనివారం సాయంత్రమే పక్కింటి మామ్మగారు మమ్మల్ని తీసుకెళ్లారు. గుడి ద్వారం దగ్గర వంగి దండం, తొట్టిలో నీళ్లు గరిటెతో ముంచి ముందు ఎడమ చెయ్యి, తర్వాత కుడి. దేవుడి ముందు రెండుసార్లు వంగి, రెండు చప్పట్లు కొట్టి, మళ్లీ ఒకసారి వంగాలి. పాప చప్పట్లు గుడంతా వినపడ్డాయి, మామ్మగారు ఎంత మురిసిపోయారో! అక్కడే 1991లో చేయించిన బంగారు మికోషి ఉంది, నాలుగున్నర టన్నులు! మికోషి అంటే దేవుడి పల్లకీ. అంత బరువు మోయలేక దాన్ని అక్కడే ఉంచేశారు.

పొద్దున ఏడున్నరకే మొదలు. ఒక్కో వీధివాళ్లది ఒక్కో పల్లకీ, యాభై దాకా వస్తాయి. "వాష్షోయ్! వాష్షోయ్!" అని అరుపులు. దారి పొడవునా జనం మోసేవాళ్ల మీద నీళ్లు కుమ్మరిస్తారు, బకెట్లతో, పైపులతో, లారీల మీద తొట్లు పెట్టుకుని మరీ. మన లష్కర్ బోనాల్లో ఘటం ముందు సాక నీళ్లు పోయడం గుర్తొచ్చి నాకు గొంతు పట్టేసింది రా. మామ్మగారు నా చేతిలో బకెట్ పెట్టి "నీళ్లు పొయ్యి" అన్నట్టు సైగ చేశారు. పోశాను! ఎదురుగా ఉన్నాయన భుజం కమిలి ఎర్రగా వాచిపోయింది. నీళ్లు పడగానే కళ్లు మూసుకుని ఒక్క నవ్వు నవ్వాడు. పల్లకీ మీది బంగారు పక్షి తోక నుంచి చుక్కలు కారుతున్నాయి. బకెట్ అనగానే నీకేం గుర్తొచ్చిందో నాకు తెలుసు. యాదగిరి వాళ్ల బావి! సుధకి ఇప్పటికీ చెప్పలేదు, నువ్వూ చెప్పకు.

పరాయివాడిననే బెరుకు ఇన్నేళ్లూ లోపల ఉండేది. నిన్న ఆ వీధిలో... ఇది ఎలా రాయాలో తెలియట్లేదు, ఫోన్‌లో చెప్తా.

నాన్నగారి మోకాలు ఎలా ఉంది? రాయి. మళ్లీ పెద్ద ఉత్సవం 2026లో. పాస్‌పోర్ట్‌కి ఇప్పుడే అప్లై చెయ్యి, నిన్ను మామ్మగారికి... అయ్యో, మీటింగ్‌కి పిలుస్తున్నారు. ఉంటా రా.

నీ
రవి