తీసేసే ముందు గడువు ఇవ్వాలి

సంపాదకుడికి నమస్కారం.

మీ టెక్నాలజీ పేజీలో కొత్త యాప్‌లు, కొత్త ఫోన్ల సంగతులు చదువుతూనే ఉన్నాను. ఏళ్ల తరబడి నడుస్తున్న వెబ్‌సైట్లు ఆగకుండా ఎలా నడుస్తున్నాయన్నది మాత్రం ఎప్పుడో గాని కనపడదు. నేను ఆ పనిలోనే ఉన్నాను కాబట్టి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

వెబ్‌సైట్లు రాయడానికి వాడే పీహెచ్‌పీ భాషలో ఒక చిన్న లైబ్రరీని, అంటే ఇతరులు తమ ప్రోగ్రాముల్లో కలుపుకుని వాడుకునే కోడ్‌ను, తొమ్మిదేళ్లుగా చూసుకుంటున్నాను. మాటలు వెతకడం, కత్తిరించడం, తేదీలు సరిచేయడం లాంటి చిన్న చిన్న పనులు చేసే ఫంక్షన్లు అందులో ఉంటాయి. ఎవరైనా ఉచితంగా తీసుకుని వాడుకోవచ్చు. ఎవరెవరు వాడుతున్నారో, ఏ పనికి వాడుతున్నారో నాకు తెలియదు. అసలు కష్టం అక్కడే ఉంది.

2020 నవంబరులో పీహెచ్‌పీ 8.0 వచ్చింది. ఒక వాక్యంలో ఫలానా మాట ఉందో లేదో చెప్పే ఎస్‌టీఆర్_కంటెయిన్స్ అనే ఫంక్షన్‌ను అందులో చేర్చారు. అదే పని చేసే ఫంక్షన్ మా లైబ్రరీలో ముందునుంచీ ఉంది. ఇక సొంత కోడ్ ఎందుకని లోపలి లైన్లు తీసేసి, పీహెచ్‌పీ వాళ్లదాన్నే పిలిచేలా మార్చాను. టెస్టులన్నీ పాసయ్యాయి. మైనర్ వెర్షన్‌గా, అంటే పాత కోడ్‌ను చెడగొట్టని చిన్న మార్పుగా, విడుదల చేశాను. పాత కోడ్ చెడే మార్పులైతే మేజర్ వెర్షన్‌లో ఇవ్వాలి.

వారం తిరక్కుండానే ఒకాయన మెయిల్ పెట్టారు. వాళ్ల సిబ్బంది వాడే పేజీలో ఏమీ టైప్ చేయకుండా సెర్చ్ బటన్ నొక్కితే అంతకుముందు ఏమీ వచ్చేది కాదట. ఇప్పుడు జాబితా మొత్తం, అందరి వివరాలతో సహా వస్తోందట. చదువుతుంటేనే చేతులు చల్లబడ్డాయి. ఖాళీ మాట ఇచ్చి అడిగితే మా పాత ఫంక్షన్ ‘లేదు’ అనేది. పీహెచ్‌పీది ‘ఉంది’ అంటుంది. తర్కం ప్రకారం పీహెచ్‌పీదే సరైనది. కానీ ఆయన మా ‘లేదు’ను నమ్ముకుని కోడ్ రాసుకున్నారు. ఈ సందర్భానికి నా దగ్గర ఒక్క టెస్టు కూడా లేదు. తప్పు పూర్తిగా నాదే.

లైబ్రరీలను తెచ్చిపెట్టే కంపోజర్‌లో చాలామంది వెర్షన్ ముందు క్యారెట్ (^) గుర్తు పెడతారు. 2.3కు ఆ గుర్తు పెడితే, అప్‌డేట్ చేసినప్పుడల్లా 3.0 లోపు విడుదలలు వచ్చేస్తాయి. మైనర్ వెర్షన్‌లో ఏదీ చెడదన్న నమ్మకంతోనే అలా పెడతారు. నేను వమ్ము చేసింది ఆ నమ్మకాన్నే. ఆ విడుదలకు పీహెచ్‌పీ 8.0 తప్పనిసరి అని రాశాను కాబట్టి, పాత పీహెచ్‌పీ 7.4 మీద ఉన్నవాళ్లకు కంపోజర్ పాత విడుదలనే ఉంచింది. వాళ్లు బయటపడ్డారు.

ఆ రాత్రే పాత పద్ధతిని తిరిగి పెట్టేశాను. తర్వాత కొత్త పేరుతో వేరే ఫంక్షన్ చేర్చి, పాతదాన్ని డెప్రికేట్ చేశాను. అంటే అది ఇంకా పనిచేస్తుంది, కానీ పిలిచిన ప్రతిసారీ నోటీసు ఇస్తుంది. దాని బదులు ఏది వాడాలో, ఖాళీ మాట విషయంలో తేడా ఏమిటో, ఏ మేజర్ వెర్షన్‌లో తీసేస్తామో ఆ నోటీసులోనే రాశాను. ‘ఇది పాతబడింది’ అని మాత్రం రాసి వదిలేస్తే చదివినవాళ్లకు టెన్షన్ తప్ప దారి దొరకదు.

ఇప్పుడు పారామీటర్ పేరు, అంటే ఫంక్షన్ తీసుకునే విలువకు పెట్టిన పేరు, మార్చాలన్నా ఆలోచిస్తాను. పీహెచ్‌పీ 8.0 నుంచి ఆ పేరుతోనే విలువ పంపే వీలుంది కాబట్టి, పేరు మారిస్తే ఎవరి కోడో ఆగిపోతుంది.

ఇక వాడేవాళ్లకు ఒక మనవి. 2021లో వచ్చిన పీహెచ్‌పీ 8.1, స్ట్రింగ్ (అక్షరాల వరుస) ఆశించే పీహెచ్‌పీ సొంత ఫంక్షన్లకు నల్ (విలువ లేదని చెప్పే గుర్తు) పంపితే డెప్రికేషన్ నోటీసు ఇవ్వడం మొదలుపెట్టింది. లాగ్ ఫైళ్లు నిండిపోతున్నాయని చాలామంది ఆ నోటీసులనే ఆపేశారు. సందర్శకులకు కనపడకుండా ఆపండి, అది అవసరమే. టెస్టులు నడిపే చోట మాత్రం ఆపకండి. పీహెచ్‌పీలోని ఈచ్ అనే ఫంక్షన్‌ను 2017లో 7.2 డెప్రికేట్ చేసింది, 2020లో 8.0 తీసేసింది. మూడేళ్లు టైమ్ ఇచ్చారు. నోటీసులు ఆపేసుకున్నవాళ్లకు ఆ మూడేళ్లూ లేనట్టే.

‘నడుస్తున్నదాన్ని ఎందుకు కదపడం’ అనే మేనేజర్లు కూడా ఈ పనికి ఏటా కొన్ని రోజులు కేటాయించాలి. ఇదంతా ఓవర్‌టైమ్‌లో, అర్ధరాత్రి చేయించే పని కాదు. మీ పేజీలో దీని మీద ఒక వ్యాసం వేస్తే మాలాంటి వాళ్లం ఆఫీసులో చూపించి అడగగలుగుతాం.

ఆ మెయిల్ పెట్టినాయన వాళ్లు ఇంకా మా పాత మేజర్ వెర్షన్ మీదే ఉన్నారు. వాళ్లు మారేదాకా దానికి భద్రతా సవరణలు ఇస్తానని మాటిచ్చాను. మొన్ననే ఒకటి విడుదల చేశాను.

ఇట్లు,
ఒక లైబ్రరీ నిర్వాహకురాలు