డ్రాగన్ మనిషి గుడ్డు పెడుతుందా అని పిల్లలు అడిగితే కసరకండి

సంపాదకుడు గారికి నమస్కారం,

మొన్న ఆదివారం మీ పేపర్లో సెలవుల్లో పిల్లలు ఆడుకునే ఆటల మీద పేజీ వేశారు, బాగుంది, కానీ డంజన్స్ అండ్ డ్రాగన్స్ గురించి రెండు లైన్లు రాసి వదిలేశారు, అందుకే రాస్తున్నా. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు తెచ్చిన ఆట ఇది. ఒకరు కథ నడిపిస్తారు, వాళ్ళని డీఎం అంటారు, మిగతావాళ్ళు తలా ఒక పాత్ర తీసుకుని ఏం చేస్తారో చెప్తారు, ఆ పని అయిందా లేదా అన్నది 20 ముఖాల డైస్ తేలుస్తుంది. కూకట్‌పల్లిలో మా ఇంట్లో రెండేళ్ళుగా ఆదివారాలు మా అబ్బాయికీ వాడి ఫ్రెండ్స్‌కీ నేనే డీఎం. అందరూ ఎనిమిదీ తొమ్మిదీ తరగతుల వాళ్ళే.

మాలో ఒక అమ్మాయిది డ్రాగన్‌బోర్న్ పాత్ర, అంటే డ్రాగన్ తల ఉన్న మనిషి. 2014 రూల్‌బుక్ ప్రకారం వీళ్ళు గుడ్డులోంచి పుడతారు, పుట్టిన కొన్ని గంటలకే నడుస్తారు, మూడేళ్ళకే పదేళ్ళ పిల్లలంత అవుతారు. ఒకరోజు ఒక అబ్బాయి "ఆంటీ, గుడ్లు పెట్టేవాళ్ళయితే బొమ్మల్లో ఆడవాళ్ళకి ఛాతీ ఎందుకు వేస్తారు, పాలిస్తారా" అన్నాడు. అందరూ ఒకటే నవ్వు. నేను "ఇవన్నీ ఇప్పుడు అవసరమా, డైస్ వెయ్యి" అని కసిరేశాను. ఆ అమ్మాయి మాత్రం తన పాత్ర వివరాలు రాసుకున్న కాగితం, అదే క్యారెక్టర్ షీట్, బోర్లా పెట్టేసి, ఆట అయ్యేదాకా ఎరేజర్ ముక్కలు గిల్లుతూ కూర్చుంది. తప్పు నాదే. అడిగినవాడిదీ చెడ్డ ప్రశ్న కాదు, ఈ ఆట ఆడే పెద్దవాళ్ళు కూడా ఎన్నో ఏళ్ళు దీని మీదే కొట్టుకున్నారు. నేను నోరు మూయించేసరికి అది ప్రశ్నలా కాకుండా ఆ పిల్ల మీద జోక్‌లా మిగిలిపోయింది.

తర్వాత వారం ముందే చదువుకుని కూర్చున్నా. ప్లాటిపస్ గురించి చెప్పా. ఆస్ట్రేలియా జంతువు, బాతు ముక్కు, గుడ్లు పెడుతుంది, పాలూ ఇస్తుంది, చనుమొనలు ఉండవు, పొట్ట మీద చర్మంలోంచి పాలు ఊరితే పిల్లలు తాగుతాయి. 1799లో జార్జ్ షా అనే ఇంగ్లిష్ శాస్త్రవేత్త దాని చర్మం చూసి ఎవరో కుట్టి మోసం చేస్తున్నారేమో అని అనుమానపడ్డాడు, అది గుడ్లు పెడుతుందని శాస్త్రవేత్తలు గట్టిగా ఒప్పుకునేసరికి 1884 అయింది. ఎవరూ నవ్వలేదు. తర్వాత మన వినత కథ చెప్పా, ఆదిపర్వంలోది, 500 ఏళ్ళయినా గుడ్లు పగల్లేదని తొందరపడి ఒకటి చితక్కొడితే నడుము కింద శరీరం లేకుండా అనూరుడు పుట్టాడు, తల్లిని శపించి వెళ్ళి సూర్యుడికి సారథి అయ్యాడు. గుడ్డులో పిల్ల ఎంత టైము ఉండాలి, ముందే పగిలితే ఏమవుతుంది అని మనవాళ్ళు ఎప్పుడో సీరియస్‌గా ఆలోచించారండీ, సిగ్గుపడి దాటెయ్యలేదు.

కష్టమైన ప్రశ్నలూ వస్తాయి. హాఫ్ ఆర్క్ అనే పాత్ర ఉండేది, తల్లో తండ్రో ఒకరు మనిషి ఇంకొకరు ఆర్క్ అనే రాక్షసజాతి, ఆ పుట్టుక వెనక బలవంతం ఉందన్నట్టు పాత పుస్తకాల్లో ఉండేది. (2024 రూల్‌బుక్‌లో హాఫ్ ఆర్క్, సగం మనిషి సగం ఎల్ఫ్ అనే మొనదేలిన చెవుల జాతి అయిన హాఫ్ ఎల్ఫ్ విడిగా లేవు, ఆర్క్‌నే తీసుకోవచ్చు.) అందుకే కొత్త కథ మొదలుపెట్టే ముందు ఒక రోజు ఆడకుండా కూర్చుని ఏవి కథలోకి రాకూడదో మాట్లాడుకుంటాం, దాన్ని సెషన్ జీరో అంటారు. టేబుల్ మీద ఎక్స్ రాసిన కార్డు కూడా పెడతాం, ఎవరు ముట్టుకున్నా ఆ సీన్ అక్కడితో ఆపేస్తాం, ఎందుకు అని అడగం. ఒకరి పాత్ర పుట్టుక గురించి ఇంకొకరు అడిగితే జవాబు చెప్పే హక్కు ఆ పాత్ర ఆడేవాళ్ళదే, డీఎంది కూడా కాదు.

మిగతా వాటికి మాత్రం జవాబు చెప్పాల్సిందే. "మ్యాజిక్ లే" అంటే పిల్లలు ఊరుకోరు. హాఫ్ ఎల్ఫ్‌కి పిల్లలు పుడతారా అని అడిగారు. గుర్రానికి 64 క్రోమోజోములు, గాడిదకి 62, ఆ రెండిటికీ పుట్టే కంచరగాడిదకి 63, అందుకే దానికి దాదాపు పిల్లలు పుట్టవు అని చెప్పి, మా లోకంలో ఏం జరగాలో మీరే తేల్చండి అన్నా. అరగంట వాదించుకుని పుడతారనే తేల్చారు, నోట్‌బుక్‌లో రాశాం, ఇంక మార్చం.

ఆ అమ్మాయి తన షీట్ వెనక చిన్నగా రాసుకుంది, తన పాత్ర పగలగొట్టుకుని వచ్చిన గుడ్డు పెంకు ముక్క మెడలో తాడుకి కట్టుకుని తిరుగుతుందట. ఇప్పుడు తిప్పలు సెంటార్‌తో వచ్చాయి, పైన మనిషి కింద గుర్రం కదా, రెండు ఛాతీలూ ఉన్నాయి, మరి గుండె ఎక్కడ, ఊపిరితిత్తులు ఎన్ని జతలు అని మావాడు పట్టుకున్నాడు. మీ పాఠకుల్లో పశువుల డాక్టర్లు ఎవరైనా ఉంటే గుర్రం గుండె మనిషి ఛాతీ దాకా, పైన తల దాకా రక్తం కొట్టగలదో లేదో మీ పేజీలో రాయండి, ఆదివారం లోపు వస్తే ఇంకా మంచిది.

ఇట్లు,
ఒక గృహిణి, కూకట్‌పల్లి, హైదరాబాద్