పేరుకు అర్థం కాదు, కారణం రాసిపెట్టండి

సంపాదకులకు నమస్కారం.

పసిపిల్లలకు పెట్టుకోదగిన పేర్ల పట్టికలు పత్రికల ఆదివారం సంచికల్లో తరచుగా వస్తుంటాయి. పేరు, పక్కనే అర్థం. కడుపుతో ఉన్నవాళ్లు వాటిని కత్తిరించి దాచుకుంటారు. మంచిదే. కానీ పేరుకు అర్థం వేరు, కారణం వేరు. అర్థం నిఘంటువులో ఎప్పుడైనా దొరుకుతుంది. ఈ బిడ్డకు ఈ పేరే ఎందుకు పెట్టారన్నది మాత్రం ఆ రోజు ఉయ్యాల చుట్టూ నిలబడిన నలుగురైదుగురికే తెలుసు. బిడ్డ కూడా అక్కడే ఉంది, కానీ ఆమెకు గుర్తుండే వీలు లేదు. ఆ నలుగురూ వెళ్లిపోతే ఆ కారణం ఇంకెక్కడా దొరకదు. తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో ఇప్పుడు జరుగుతున్నది ఇదే.

గుర్తుండే వీలు లేదని ఎందుకు అంటున్నామో చెప్పాలి. పెద్దవాళ్లను తొలి జ్ఞాపకం ఏదని అడిగితే సగటున మూడు, మూడున్నర ఏళ్ల వయసు నాటిది చెబుతారు. అంతకు ముందుది దాదాపు ఖాళీ. బిడ్డ మెదడు అప్పుడు పని చేయలేదని కాదు. అమెరికాలో 1995లో చేసిన ఒక పరిశోధనలో నాలుగున్నర నెలల పిల్లలు వేరే పేర్ల కంటే తమ పేరు వినిపించినప్పుడే ఎక్కువసేపు చెవి పెట్టి విన్నారు. అంటే బిడ్డకు తన పేరు నాలుగున్నర నెలలకే తెలుసు, ఆ పేరు పెట్టిన రోజు మాత్రం ఎన్నటికీ తెలియదు. జ్ఞాపకాలను కూర్చిపెట్టే హిప్పోకాంపస్ అనే భాగం ఆ వయసులో ఇంకా తయారవుతూనే ఉంటుంది. అక్కడ కొత్త కణాలు విపరీతంగా పుట్టుకొస్తుంటే పాత అల్లిక చెదిరిపోతుందని ఎలుకల మీద చేసిన పరిశోధన 2014లో వచ్చింది. మాటలు రాకపోవడం ఇంకో కారణం. న్యూజిలాండ్‌లో రెండు, మూడేళ్ల పిల్లలకు ఒక ఆట యంత్రం చూపించి, ఆరు నెలలకో ఏడాదికో మళ్లీ అడిగారు. పిల్లలకు ఈలోగా బోలెడు మాటలు వచ్చేశాయి. అయినా ఆట ఆడిన నాటికి తమ దగ్గర లేని మాటను ఒక్కటి కూడా ఆ ఆట గురించి చెప్పడానికి వాడలేకపోయారు.

ఇక మన పేర్ల సంగతి. మునెమ్మ, మునిరత్నం, మునస్వామి, మునికృష్ణ. ఈ 'ముని' మన ప్రాంతంలో వినిపించినంతగా గోదావరి జిల్లాల్లో వినిపించదు. చాలా ఇళ్లలో అది ఊరి బయట చెట్టు కింద ఉండే మునీశ్వరుడికి మొక్కుకున్న మొక్కు. చెంగల్రాయులు అనే పేరు తిరుత్తణి సుబ్రహ్మణ్యస్వామిది. చెంగల్వ పూల కొండ మీది దొర కాబట్టి ఆయన చెంగల్వరాయుడు. తిరుత్తణి 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రానికి వెళ్లిపోయింది. అంతవరకూ అది చిత్తూరు జిల్లాలోనే ఉండేది. జిల్లా సరిహద్దు మారింది, మొక్కులు మారలేదు. ఆడికృత్తికకు కావడి ఎత్తే ఇళ్లలో ఆ పేరు ఇప్పటికీ పెడుతున్నారు. అలమేలు అనే పేరు తమిళంలోని 'అలర్ మేల్ మంగై'. పువ్వు మీద కొలువైన స్త్రీ అని. ఆ మాట మన నోట అలమేలుమంగ అయింది, మంగమ్మ వేరే పేరుగా విడిపోయింది. శ్రీకాళహస్తి చుట్టుపక్కల జ్ఞానప్రసూన, తిరుపతిలో గంగమ్మ, గంగాధరం, గోవిందమ్మ, ఏడుకొండలు.

ఇక్కడే చాలామంది పొరపాటు చేస్తారు. పేరు చూసి కారణం ఊహించేస్తారు. జ్ఞానప్రసూన అనగానే కాళహస్తిలో మొక్కుకుని ఉంటారంటారు. కావచ్చు. జేజి (నాయనమ్మ) పేరు కావచ్చు. కాన్పు చేసిన డాక్టరమ్మ పేరూ కావచ్చు. ఒకే వీధిలో ముగ్గురు మునెమ్మలుంటే మూడు కారణాలు ఉండవచ్చు. ఊహించినదాన్ని ఇంకో తరం నిజమని చెప్పుకుంటుంది. అప్పుడు అసలు కారణం పోవడమే కాదు, దాని చోట వేరొకటి కూర్చుంటుంది.

పెంటయ్య, కుప్పమ్మ, పుల్లయ్య వంటి పేర్ల గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఇవి పెట్టుకున్నవాళ్లు సిగ్గుపడి గెజిట్‌లో మార్చుకుంటున్నారు. వరుసగా బిడ్డలు పోతున్న ఇంట్లో ఇంకో బిడ్డ పుడితే, ఆ బిడ్డను తీసుకెళ్లి పెంటకుప్ప మీద పడుకోబెట్టేవారు. ఇంకో ఇంటావిడ వచ్చి ఎత్తుకునేది. చేటెడు తవుడుకో నూకలకో మళ్లీ తల్లికే అమ్మేది. ఇది మా బిడ్డ కాదు, పారేస్తే దొరికింది, దీని మీద కన్నెయ్యొద్దు అని చావుకు చెప్పడం. భోజనాలయ్యాక తీసేసిన పుల్లి విస్తళ్లలో పొర్లిస్తే పుల్లయ్య. 1971లో మన దేశంలో సజీవంగా పుట్టిన ప్రతి వెయ్యి మందిలో 129 మంది మొదటి పుట్టినరోజు చూడలేదు. 2020 నాటికి ఆ లెక్క 28కి దిగింది. అందుకే ఇప్పుడు ఆ పేర్లు పుట్టడం లేదు. ఉన్న పెంటయ్యలకు తమ ముందు ఇద్దరో ముగ్గురో అన్నలు, అక్కలు పుట్టి పోయారన్న సంగతి చాలాసార్లు ఆ పేరు ఒక్కటే చెబుతుంది. పేరు మార్చుకునే హక్కు ఎవరికైనా ఉంది. మార్చుకునే ముందు ఆ పిల్లల గురించి ఇంట్లో ఒకసారి అడగమని మాత్రం వేడుకుంటున్నాం.

బారసాల నాడు పళ్లెంలో బియ్యం పోసి, ఉంగరంతో తండ్రి చేత పేరు రాయించి, బిడ్డ చెవిలో చెప్పిస్తారు. పంతులుగారు పెట్టించే నక్షత్రనామం ఒకటి, పిలిచే పేరు ఇంకొకటి. 27 నక్షత్రాలు, ఒక్కోదానికి నాలుగు పాదాలు, మొత్తం 108 అక్షరాలు. హస్త మూడో పాదానికి 'ణ' వస్తుంది. ఆ అక్షరంతో తెలుగులో పిలవదగ్గ పేరు లేదు, 'న'తో సర్దుకుంటారు. ఇరవై ఏళ్లకు జాతకం తీసి చూసిన కొడుక్కి తన పేరు 'న'తో ఎందుకు మొదలైందో అర్థం కాదు. తాత పేరు పెట్టిన ఇళ్లలో ఇంకో చిక్కు. మామగారి పేరు కోడలు నోటితో పలకకూడదు. కన్నబిడ్డనే ఆ పేరుతో పిలవలేక అబ్బోడు, చిన్నోడు, నాయనా అని పిలుస్తుంది. బడిలో చేర్చేనాటికి బిడ్డకు తెలిసిన పేరు అబ్బోడే. రిజిస్టర్‌లో ఉన్నది తాత పేరు. ఈ రెండు పేర్లూ, రెండింటి కారణాలూ రాసుకోవాలి.

కాగితాల మీద జరిగే నష్టం వేరే. మునెమ్మను బడిలో మునిలక్ష్మి చేస్తారు. జ్ఞానప్రసూన ఇంగ్లీషులోకి వెళ్లి కంప్యూటర్ ద్వారా తెలుగులోకి తిరిగొచ్చేసరికి 'గ్నానప్రసూన' అవుతుంది. జనన మరణాల నమోదు చట్టం 1969 ప్రకారం పుట్టిన 21 రోజుల్లోగా నమోదు చేయించాలి. అప్పటికి పేరు నిర్ణయించకపోయినా ఫర్వాలేదు, పేరు లేకుండానే నమోదవుతుంది. 12 నెలల్లోగా రుసుము లేకుండా పేరు చేర్చవచ్చు, ఆ తర్వాత ఆలస్య రుసుముతో 15 ఏళ్ల వరకు. 2023 అక్టోబర్ 1 నుంచి పుట్టినవాళ్లకు బడిలో చేరడం మొదలు ఓటరు జాబితా దాకా జనన ధ్రువపత్రమే ఆధారం. అంటే అందులో పడిన అక్షరాలే జీవితాంతం. కాబట్టి తొందరపడకుండా, ఆ 12 నెలల గడువు వాడుకుని, తెలుగులోనూ ఇంగ్లీషులోనూ అక్షరక్రమం సరిచూసుకున్నాకే పేరు చేర్పించాలి.

పెద్దవాళ్లను అడగడానికి కూడా ఒక పద్ధతి ఉంది. అందరినీ ఒకచోట కూర్చోబెట్టి అడగకూడదు. ఇంట్లో గట్టిగా మాట్లాడేవాళ్లు చెప్పిందే అందరి జ్ఞాపకమూ అయిపోతుంది. అవ్వను, జేజిని, మేనత్తను, పెద్దమ్మను వేర్వేరుగా అడగాలి. మేనత్తను అసలు వదలకూడదు, పేరు పెట్టిన రోజు బిడ్డ ఆమె చేతుల్లోనే ఉండి ఉంటుంది. 'నా పేరు ఎందుకు పెట్టారు?' అంటే 'బాగుందని పెట్టాం' అని తేల్చేస్తారు. అలా కాకుండా, ఆ పొద్దు ఇంట్లో ఎవరెవరున్నారు, అంతకు ముందు ఏ పేరు అనుకున్నారు, ఎవరు వద్దన్నారు, ఏం వండారు అని అడగాలి. వంట గుర్తొస్తే మనుషులు గుర్తొస్తారు, మనుషులతో పాటు మాటలు గుర్తొస్తాయి. చెప్పినది వాళ్ల మాటల్లోనే రాయాలి. రెండు కథలు కలవకపోతే రెండూ ఉంచాలి, మనకు నచ్చినది ఉంచి రెండోది కొట్టేయకూడదు. చెప్పిన మనిషి స్వయంగా అక్కడ ఉన్నారా, ఎవరో చెప్పగా విన్నారా అన్నది తప్పకుండా రాయాలి.

ఎందుకంత జాగ్రత్త అంటే, విన్న కథ చూసిన జ్ఞాపకంగా మారడం చాలా సులభం. పిల్లల మనసు మీద జీవితమంతా పనిచేసిన స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త జీన్ పియాజే తనకు రెండేళ్ల వయసులో పారిస్ వీధిలో ఒకడు తనను ఎత్తుకుపోబోయాడని, దాది అడ్డుపడిందని, ఆమె ముఖం మీది గీతలతో సహా స్పష్టంగా గుర్తుందని నమ్మేవాడు. ఆయనకు పదిహేనేళ్లప్పుడు ఆ దాది ఉత్తరం రాసింది. అదంతా తాను కల్పించి చెప్పానని, బహుమతిగా ఇచ్చిన గడియారం తిరిగి పంపింది. ఇంట్లో వాళ్లు పదేపదే చెప్పుకున్న కథ ఆయన కళ్లలో బొమ్మ కట్టింది. ఫోటో ఇంకా బలమైనది. 2002లో ఒక పరిశోధనలో 20 మంది పెద్దవాళ్లకు తమ చిన్ననాటి ముఖాన్ని వేడిగాలి బుడగలో అతికించిన బొమ్మ చూపించారు. రెండు వారాల్లో మూడుసార్లు మాట్లాడేసరికి సగం మందికి, ఎన్నడూ ఎక్కని ఆ బుడగ ప్రయాణం ఎంతోకొంత 'గుర్తొచ్చింది'. స్టూడియోలో గుడి గోపురం తెర ముందు నిలబెట్టి తీయించిన ఫోటో ఎన్ని ఇళ్లలో లేదు చెప్పండి.

తిరుమలలో పుట్టువెంట్రుకలు తీయించడం మంచి ఉదాహరణ. మూడో ఏట తీయించే ఇళ్లు ఎన్నో. సరిగ్గా జ్ఞాపకం మొదలయ్యే గట్టు మీద పడుతుంది ఆ రోజు. మేనమామ ఒడి, తల మీద పోసిన చల్లటి నీళ్లు, కత్తి గీసే గరగర చప్పుడు, తర్వాత రాసిన గంధం మెడ మీదికి జారడం. ఇవి ఫోటోలో పడవు. కాబట్టి 'గుండు చేయించింది గుర్తుంది' అనే పిల్లవాడిని ఆ రోజు వేసుకున్న చొక్కా రంగు అడగొద్దు, అది ఆల్బమ్‌లో ఉంది. ఫోటోలో కనబడనిది ఏం గుర్తుందని అడగాలి. ఇది తిరుగులేని పరీక్ష కాదు, కానీ చాలా వడపోస్తుంది. మే నెలలో గంగమ్మ జాతరకు వేషం కట్టించిన పిల్లలకూ ఇదే వర్తిస్తుంది.

పిల్లలను అడగడానికి వయసు కూడా ముఖ్యం. మూడేళ్లప్పుడు జరిగిన సంగతులు ఐదు నుంచి ఏడేళ్ల పిల్లల్లో 60 శాతానికి పైగా నిలిచి ఉంటాయని, ఎనిమిది, తొమ్మిదేళ్లకు 40 శాతం లోపుకు పడిపోతాయని 2014లో వచ్చిన ఒక అమెరికన్ అధ్యయనం చెప్పింది. ఒకటో తరగతిలో ఉన్నదాంట్లో చాలా భాగం నాలుగో తరగతికి ఉండదు. 'గుర్తుందా లేదా?' అని నిలదీయకుండా 'ఎవరొచ్చారు? తర్వాత ఏమైంది?' అంటూ రోజూ పడుకునే ముందు ఓ పది నిమిషాలు మాట్లాడితే పిల్లల జ్ఞాపకాలు గట్టిపడతాయి. జవాబు మనం అందించకూడదు, అంతే. కుటుంబ చరిత్రనూ పూర్వుల కథలనూ పిల్లలకు వివరంగా చెప్పే సంప్రదాయం ఉన్న న్యూజిలాండ్ మావోరీలలో తొలి జ్ఞాపకం సగటు వయసు రెండున్నర ఏళ్లకు కాస్త పైన మాత్రమే ఉన్నట్టు 2000లో తేలింది.

అందుకని మా విన్నపాలు రెండు. మీ పత్రికలో పేర్ల పట్టిక వేసినప్పుడల్లా పక్కన నాలుగు వేళ్ల వెడల్పున ఒక ఖాళీ గడి వేయండి, 'ఈ పేరు పెట్టడానికి కారణం' అని పైన రాసి. కత్తిరించుకున్నవాళ్లు నింపుకుంటారు. రెండోది, రెండు జిల్లాల ప్రాథమిక పాఠశాలల్లో ఒకటో తరగతి పిల్లల చేత ఇంటి నుంచి ఒక పేజీ రాయించి తెప్పించమని ఉపాధ్యాయులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాం. పిలిచే పేరు, రికార్డులో పేరు, జాతకంలో పేరు. ఎవరు సూచించారు. ముందు అనుకుని మానుకున్న పేరు. కారణం, చెప్పినవాళ్ల మాటల్లోనే. చెప్పినవాళ్లు బిడ్డకు ఏమవుతారు, ఆ రోజు అక్కడ ఉన్నారా, ఏ తేదీన చెప్పారు. బాల్‌పెన్నుతో, తెలుగులో. ఒక నకలు జనన ధ్రువపత్రంతో పాటు ప్లాస్టిక్ కవరులో పెట్టాలి, ఇంకొకటి జాతకం పుస్తకంలో. అవ్వలు, జేజిలు ఇళ్లలో తీరికగా దొరికేది సంక్రాంతి సెలవుల్లో, ఆ పని అప్పటికి పెట్టుకుంటే మేలు.

ఇట్లు,
భాష, మనస్తత్వశాస్త్రం బోధించిన కొందరు విశ్రాంత అధ్యాపకులు,
తిరుపతి